ఇంటి గుట్టు - అంతర్జాలము
(సమాజ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై కావ్యమును గూర్చియో నాటకమును గూర్చియో మాటలాడుట మన సమాజమున వాడుక. ఈ యేడు సైబరు నేరములను గూర్చి చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను కొంత సందేహించితిని. నేను సాహిత్యము చదువుకొన్నవాడను. యంత్రముల మర్మములు నాకు తెలియవు. కాని గత శీతకాలమున మా క్వార్టర్ల వరుసలో జరిగిన యొక సంగతి నా సందేహమును తీర్చినది.

మా పొరుగున కుమారునియొద్ద నివసించు పెద్దలొకరు గలరు. మన వైపున బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవారు. ఒక యుదయమున కొడుకును కోడలును కచేరీలకు పోయిన పిమ్మట వారి సెల్‌ఫోను మ్రోగినది. వారి పేర పంపబడిన పార్సెలులో మాదకద్రవ్యములు దొరకినవని యొకడు చెప్పెను. అంతలో తెరపై పోలీసు దుస్తులలో మరియొకడు కనబడెను. "డిజిటల్ అరెస్టులో నున్నారు, గది విడువరాదు, ఎవరితోను మాటలాడరాదు" అని శాసించెను. రెండు దినములలో పంతులుగారు మనుమరాలి చదువునకై దాచిన డిపాజిట్టును రద్దు చేసి, వాడు చెప్పిన ఖాతాలకు పంపివేసిరి.

వారిని నమ్మించినది ఆ దుస్తులు గావు. వారి ఆధార్ సంఖ్యను, స్వగ్రామమును, కొడుకు పేరును, పింఛను వచ్చు బ్యాంకును వాడు పొల్లుపోకుండ చదివెనట. "సర్కారుకు గాక ఈ సంగతులన్నియు నెవనికి తెలియును నాయనా?" అని వారు పిమ్మట నన్నడిగిరి. నాకు వెంటనే జవాబు తోచలేదు.

ఆలోచించినకొలది జవాబు మన చేతులలోనే కనబడినది. లాడ్జిలో గది కావలెనన్న ఆధార్ నకలు, సిమ్ము కావలెనన్న నకలు, అద్దెయింటికి నకలు. బట్టలకొట్టున బిల్లు వ్రాయువాడు ఫోను నంబరడిగిన, అది వానికెందుకని మనలో నెందరడిగితిమి? ఈ ముక్కలలో దేనికదియే చూడ అల్పము. అన్నియు నొక్కని చేత పడిన, వాడు మన యింటి మనిషివలె మాటలాడగలడు. చివరి నాలుగంకెలు మాత్రమే కనబడు ఆధార్ ప్రతిని ఆధార్ సంస్థయే యిచ్చుచున్నది. అది చాలు చోట్ల పూర్తి నకలు నిచ్చుట మన యలవాటే గాని అవసరము గాదు.

ఇక అరెస్టు సంగతి. 2024 జులై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 43వ సెక్షను ప్రకారము అరెస్టు చేయు అధికారి మనిషిని తాకవలెను, లేదా నిర్బంధింపవలెను, లేదా ఆ మనిషియే మాటచేతనో చేతచేతనో లొంగిపోవలెను. తెరమీది బొమ్మ చేయు అరెస్టు ఏ చట్టమునను లేదు. ప్రధానమంత్రియు 2024 అక్టోబరు రేడియో ప్రసంగమున ఈ మాటయే చెప్పిరి. అయినను భయపడిన మనిషికి సెక్షన్లు జ్ఞప్తికి రావు.

ఏకాంతపు హక్కును గూర్చి మనము గర్వింపదగిన సంగతి యొకటి కలదు. సాక్ష్యము లేక విడువబడిన ఖరక్ సింగ్ అనునతని యింటికి పోలీసులు రాత్రివేళల వచ్చి తలుపు తట్టుచుండిరి. 1962లో సుప్రీంకోర్టు ఆ రాత్రి రాకలను కొట్టివేసినను, ఏకాంతము రాజ్యాంగము హామీయిచ్చిన హక్కు గాదనెను. ఆనాడు భిన్నాభిప్రాయము వ్రాసి, అది వ్యక్తిస్వేచ్ఛలో అంతర్భాగమని చెప్పినవారు రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా ఆ హక్కును అంగీకరించినది. నడుమ నేబదియైదు సంవత్సరములు గడచినవి.

తరువాత 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టము వచ్చినది. 2025 నవంబరున నియమములు వెలువడినవి. సమాచారమును కాపాడలేని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. కాని ఆ సొమ్ము భారత సంచిత నిధికి చేరునే గాని పంతులుగారి వంటివారికి చేరదు. ఫైళ్ల నడుమ బ్రదుకు నాకైనను ఇది న్యాయముగా తోచదు.

మూడవ దినమున కొడుకు సంగతి గ్రహించి, హోం మంత్రిత్వశాఖవారి 1930 నంబరునకు ఫోను చేసెను. కొంత సొమ్ము మాత్రము నడిమి ఖాతాలో ఆగినది. మొదటి గంటలోనే చేసియున్నచో మరింత ఆగియుండెడిదేమో! కాని వారు ఎవరితోనైనను చెప్పిన గదా! వాడు మొట్టమొదట దోచినది ఆ మాటనే.

సొమ్ముకంటె సిగ్గు వారిని క్రుంగదీసినది. "నలుబదియేండ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాడను" అని పలుమారులనిరి. పలు దినములు మనుమరాలు ఫోను చేసినను ఎత్తలేదు. ఈ సంగతి సభలో చెప్పుటకు అనుమతి వేడగా, "పేరు విడిచి చెప్పుము" అనిరి.

తుదకొక మనవి. మన సమాజ సంచికలో ఏటేట సభ్యుల పేర్లు, క్వార్టరు నంబర్లు, సెల్ నంబర్లు, పుట్టినతేదీలు అచ్చువేయుచున్నాము. పంతులుగారి కొడుకు వివరములును అందున్నవి. ఈ యేటినుండి పేరును ఊరును మాత్రముంచి తక్కినవి తొలగింపుడని కార్యవర్గమునకు వ్రాసితిని. ప్రకటనలిచ్చువారు జాబితా కోరుదురని కోశాధికారిగారు వెనుకాడుచున్నారు. వచ్చు ఆదివారపు సర్వసభ్య సమావేశమున ఈ సంగతి చర్చకు రానున్నది. అందరును తప్పక రావలెనని కోరుచున్నాను.