మీటల అమరిక – మన కోర్కె



కంప్యూటరు తెరవగానే తెలుగు కీబోర్డు సిద్ధంగా ఉండాలనడం చిన్న కోరిక కాదు. 1991లో భారతీయ ప్రమాణంగా స్వీకరించిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అచ్చులు ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి వస్తాయి. తెలుగు ‘క’ ఉన్న మీట మీదనే హిందీ, తమిళ ‘క’లు కూడా ఉన్నాయి. బదిలీపై పొరుగు రాష్ట్రానికి వెళ్లే ఉద్యోగికి ఇదెంతో మేలు.

విండోస్‌లో భాషల సెట్టింగులలో తెలుగును చేర్చి, దానినే ముందుండే అమరికగా ఎంచుకోవచ్చు. ఆ ఎంపిక ఆ లాగిన్‌కే పరిమితం. ఒకే లాగిన్‌తో పలువురు పనిచేసేచోట మాత్రం ఒకరి సౌకర్యం తరువాతి షిఫ్టువారికి అవరోధమవుతుంది.

కనుక ప్రతి ఉద్యోగికి వేరు లాగిన్, డ్యూటీ వేళల్లోనే శిక్షణ ఇవ్వాలని మనం కోరుతున్నాము. నేర్పకుండా వేగం కొలవడం అన్యాయం. ప్రతి శాఖ ఈ మేరకు తీర్మానించి పంపవలసిందిగా విజ్ఞప్తి చేస్తున్నాము.