ఆట విరమించిన విజేత

మిరప పండించు రైతు ఏపుగా కాచిన చెట్లను ముందే గుర్తుపెట్టుకొని, వాటి పండ్లను విత్తనమునకు వేరుగా ఆరబెట్టుకొనుట మన ప్రాంతమున చిరకాలముగా నుండిన ఆచారము. మేలైన కాయ సంతలో మంచి ధర పలుకును. అయినను దానిని అమ్ముకొన్నవానికి మరుసటి ఏడు విత్తనము కరవగును. ఈ నల్లరేగడి నేలలో పుట్టిన ఒక క్రీడాకారుని జీవితమును తలచినప్పుడు మాకు ఆ ఆచారమే జ్ఞప్తికి వచ్చుచున్నది.

పుల్లెల గోపీచంద్ 1973 నవంబరు 16న, నాటి ప్రకాశం జిల్లాలోని నాగండ్ల గ్రామమున జన్మించినారు. బాల్యమున ఆయన మనసు క్రికెట్టుపై నుండెడిది. అన్నగారి ప్రోత్సాహమున బ్యాడ్మింటను చేపట్టి, హైదరాబాదులో ఎస్. ఎం. ఆరిఫ్ గారి శిక్షణ పొందినారు. 1994లో జంటల ఆట ఆడుచుండగా మోకాలు తీవ్రముగా దెబ్బతిన్నది. శస్త్రచికిత్సలు అవసరమైనవి. ఎగిరి కొట్టుట, వంగి అందుకొని వెంటనే లేచుట ఈ ఆటకు ప్రాణము. వానికి మోకాలే ఆధారము. అట్టి మోకాలితోనే ఆయన 1996 మొదలు 2000 వరకు వరుసగా ఐదు మారులు జాతీయ విజేతగా నిలిచినారు.

2001 మార్చిలో బర్మింగుహాములో ఆల్ ఇంగ్లండు పోటీలు జరిగినవి. సెమీ ఫైనలులో డెన్మార్కు వీరుడు పీటర్ గేడ్‌ను 17–14, 17–15తోను, తుదిపోటీలో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15–12, 15–6తోను గోపీచంద్ ఓడించినారు. 1980లో ప్రకాశ్ పదుకొనె గెలిచిన పిమ్మట ఆ కిరీటము మరల భారతీయునకు దక్కుట అదియే.

కీర్తి వెంట ధనము వచ్చినది. శీతలపానీయపు ప్రకటనలో కనిపింపుమని కోరగా, తాను త్రాగని పానీయమును పిల్లలకు చూపజాలనని ఆయన నిరాకరించినారు. ఆ సొమ్ము ఆయనకు అక్కరకు వచ్చెడిదే. శిక్షణాలయ నిర్మాణమునకై తరువాత సొంత ఇల్లు తాకట్టు పెట్టినారు. 2008లో గచ్చిబౌలిలో ఆ శిక్షణాలయము వెలసినది. ఆయన శిష్యులలో సైనా నెహ్వాల్ 2012 ఒలింపిక్సులో కాంస్యమును, పి. వి. సింధు 2016లో రజతమును గెలిచినారు. గుంటూరు యువకుడు కిదాంబి శ్రీకాంత్ 2017లో ఒకే ఏడాది నాలుగు సూపర్ సిరీస్ పోటీలలో విజేత అయినారు. బర్మింగుహాము విజయము కంటె ఇదియే గొప్ప పంటయని మా అభిప్రాయము.

ఒక మాట మాత్రము మనము మరువరాదు. నాగండ్ల బిడ్డకు ఆట అబ్బినది హైదరాబాదులో. గుంటూరు బిడ్డకు ఆ గురువు లభించినదియు అచ్చటనే. విత్తనము మన నేలదే. నారుమడి మాత్రము దూరమున నున్నది. ఊరి బడి ఆవరణలో ఒక వల కట్టుటకు, సాయంకాలము ఒక గంట పిల్లలను ఆడించుటకు పూనుకొను పెద్దలు ప్రతి గ్రామమున లేకపోరు. ఆ నారుమడిని మన చెంతనే వేసికొనుట వారి చేతిలోని పని.