మొగులయ్య పన్నెండు మెట్లు



పొడవాటి వెదురు గడ. కింద ఎండిన సొర బుర్రలు. గడ మీద పన్నెండు మెట్లు. చివరన ఓ పిట్ట బొమ్మ, పాట లయకు తల ఊపుతూ ఉంటుంది. పాటగాడి కన్నా ముందు ఆ పిట్టే పిల్లల్ని దగ్గరికి పిలుస్తుంది. ఇదీ మన పాలమూరు కిన్నెర.

దీన్ని వాయించే దర్శనం మొగులయ్యది నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట. పుట్టింది డక్కలి కులంలో. తాతతండ్రుల నుంచి వచ్చిన విద్య ఇది. ఊరూరా తిరిగి ఆయన చెప్పింది రాజుల కథలు కాదు. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టిన పండుగ సాయన్న కథ! పాలమూరు జనం తమవాడనుకున్న వీరుడి కథ అది.

1965లో బీటిల్స్ వాళ్లు తమ పాటలో సితార్ వాయిస్తే ఇంగ్లండ్ కుర్రకారు కొత్త నాదమని మురిసిపోయింది. మనకు మాత్రం ఇంటి ముంగిట మోగిన కిన్నెర వినబడటానికి సినిమా కావాల్సి వచ్చింది. 2021లో తమన్ సంగీతంలో ‘భీమ్లా నాయక్’ పాటకు మొగులయ్య గొంతు, కిన్నెర తోడయ్యాయి. 2022లో పద్మశ్రీ వచ్చింది. అయినా 2024లో ఆయన కూలి పనికి పోతున్నాడని పత్రికల్లో చదివాం. నాకు ఆ రోజు అన్నం సయించలేదు.

అదే ఏడు నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకూ పద్మశ్రీ దక్కింది. ఈసారి మీ ఊరికి కిన్నెర వస్తే, పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి.