బొమ్మలు వేసే పిల్ల



మా ఇల్లు ఉప్పల్లో. పదో తరగతి పరీక్షలయిన వారంలో మా అమ్మాయి వంటింట్లోకొచ్చి, "అమ్మా, పదకొండులో నేను పెయింటింగ్ తీసుకుంటానమ్మా" అంది. నేను పోపు వేస్తున్నాను. "బొమ్మలు కూడు పెడతాయా?" అనేశాను. పిల్ల మారు మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకంటే, చిన్నప్పుడు నేను ప్రభుత్వం వారి డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ పరీక్ష ప్యాసయ్యాను. హయ్యర్‌కి ఫీజు కట్టేలోగా పెళ్లి కుదిరింది. ఆ సర్టిఫికెట్టు ఇప్పటికీ ట్రంకుపెట్టెలో పట్టుచీరల అడుగున ఉంది. ఆనాడు మా అమ్మ నాతో అన్న మాటే అక్షరం పొల్లుపోకుండా నేను నా కూతురితో అన్నాను!

మర్నాడు బళ్లు చూడ్డానికి బయల్దేరాను. ఉప్పల్లో కేంద్రీయ విద్యాలయం, నాచారంలో ఢిల్లీ పబ్లిక్ స్కూలు వంటి సెంట్రల్ సిలబస్ బళ్లున్నాయి మనకి. అయితే ఏ బళ్లో ఈ ఏడు పెయింటింగ్ చెబుతున్నారో వెళ్లి అడగాల్సిందే. సిలబస్‌లో ఉన్నంత మాత్రాన బళ్లో టీచరు ఉండాలని లేదుగా.

మీరూ నాలాగే అదేదో ఆటవిడుపు అనుకుంటున్నారేమో. సి.బి.ఎస్.ఇ. పన్నెండో తరగతిలో 100 మార్కులకు 30 రాతపరీక్ష, 70 చేతిపని. ఆ డెబ్భైలో ఎదురుగా పెట్టిన వస్తువుల్ని చూసి వేయడానికి 25, సొంత ఊహతో వేసే బొమ్మకు 25, ఏడాది పొడుగునా వేసిన బొమ్మల కట్టకు 20. రాతపరీక్షకు రాజస్థానీ, పహాడీ, మొగలు, దక్కనీ చిత్రాల చరిత్ర చదవాలి. దక్కనీ అంటే మన గోల్కొండ, హైదరాబాదూ అందులోవే. బడివారు ఒప్పుకుంటే లెక్కలూ సైన్సూ వదలక్కర్లేదు, అయిదు సబ్జెక్టుల్లో ఇదొకటి అవుతుంది.

బడికి వెళ్లినప్పుడు ఒక్క పని చేయండి. గోడలు చూడండి. నేను చూసిన ఒక బళ్లో నలభై బొమ్మలుంటే నలభైలోనూ అవే రెండు కొండలు, మధ్యన సూర్యుడు, ఓ గుడిసె. బోర్డు మీద వేసింది దింపుకున్నారన్నమాట. తొమ్మిదిలోనూ, పదిలోనూ డ్రాయింగు పీరియడ్ లెక్కల మాస్టారి పాలవుతుందని అక్కడి పిల్లలే చెప్పారు. మరో బళ్లో మాత్రం ఒకడు మెట్రో స్తంభాల నీడలు వేశాడు, ఒకమ్మాయి వాళ్ల నాయనమ్మ చేతివేళ్లు మాత్రమే వేసింది. వంకరగానే ఉన్నాయి. అయినా ఆ బడే నాకు నచ్చింది.

"తర్వాతేమిటి?" అన్నారు మావారు. న్యాయమైన ప్రశ్నే. మాసాబ్ ట్యాంకు దగ్గర 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. ప్రవేశపరీక్ష రాస్తే నాలుగేళ్ల బి.ఎఫ్.ఎ. పెయింటింగు, శిల్పం, అప్లయిడ్ ఆర్ట్, ఫొటోగ్రఫీ, యానిమేషన్ ఉన్నాయి. ఉద్యోగం గ్యారంటీ అని నేను చెప్పను. ఇంజనీరింగుకు మాత్రం ఎవరు ఇచ్చారు గనక?

రాజమండ్రి దామెర్ల రామారావు (1897-1925) చేతిలోని కళను గుర్తించింది అక్కడి కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర. ఆయన ప్రోత్సాహంతోనే బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్లాడు. పిల్లవాడి బొమ్మను పెద్దవాళ్లొకరు ఆగి చూశారు, అంతే.

మా అమ్మాయి చేరింది. ఇప్పుడు మా వంటింటి గట్టు మీద రెండు వంకాయలు, ఓ ఇత్తడి చెంబు మూడురోజులుగా కదలకుండా ఉన్నాయి. నీడ ఇంకా కుదరలేదట. మావారు ఇవాళ కూడా పప్పుతోనే భోజనం చేసి వెళ్లారు.