విజ్ఞాన పరిశోధనము – మన ధర్మము



ఈ మహాసభయందు విజ్ఞాన పరిశోధనమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను చిరకాలము పాఠశాలలో సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. ప్రయోగశాలలో పనిచేసినవాడను గాను. అయినను, శాస్త్రము లెన్ని యున్నను జిజ్ఞాస యొక్కటియే యను ధైర్యముతో మీ యెదుట నిలిచితిని.

'పరిశోధన' శబ్దమున 'శుధ్' ధాతువు కలదు. శుద్ధిచేయుట దాని యర్థము. కంసాలి బంగారమును పుటమువేసి మాలిన్యమును తొలగించునట్లు, ఒక యభిప్రాయమును అనుభవమను నగ్నిలో వేసి, నిలుచు దానిని గ్రహించి నిలువని దానిని విడుచుట పరిశోధనము. నేను పాఠములు చెప్పిన దినములలో బాలురు తఱచుగా అడిగిన ప్రశ్న, "అయ్యా, ఇది పరీక్షలో వచ్చునా?" యనునది. "ఇది యిట్లేల యున్నది?" అని యడిగినవారు ఏటి కొక్కరో యిద్దరో. ఆ రెండవ ప్రశ్న నడిగిన వారి కథలను నేడు మీకు విన్నవింతును. గణిత విశ్లేషణము, సముద్ర మత్స్యశాస్త్రము, స్త్రీల యారోగ్యము – ఈ మూడు రంగములనుండి వానిని తీసికొనుచున్నాను. ఇవి యొకదాని కొకటి సంబంధము లేనివిగా తోచును. వినిన పిమ్మట మీరే నిర్ణయింపుడు.

ఇటలీ దేశమునకు తూర్పున ఏడ్రియాటిక్ సముద్రము కలదు. ఉంబెర్టో డంకోనా యను జీవశాస్త్రజ్ఞుడు ఆ తీరమునందలి రేవులలో చేపల యంగళ్ళ లెక్కలను పరిశీలించుచుండెను. ఫ్యూమే రేవునకు 1914లో వచ్చిన చేపలలో సొరలు మొదలగు వేటాడు చేపలు నూటికి 12 మాత్రమే. మొదటి ప్రపంచ యుద్ధము వచ్చి జాలరుల వేట తగ్గగా, 1918 నాటికి వాని పాలు నూటికి 36కు పెరిగెను. యుద్ధము ముగిసి పడవలు మరల సముద్రముమీదికి పోయిన పిదప, 1923 నాటికి తిరిగి 11కు దిగెను. మనుష్యుడు వేట తగ్గించినచో చేప లన్నియు సమముగా లాభపడవలెను గదా! వేటాడు చేపలకే యేల మేలు కలిగెను?

డంకోనా ఈ ప్రశ్నను తనకు మామగారు కాబోవు వీటో వోల్టెర్రా యెదుట నుంచెను. వోల్టెర్రా రోము విశ్వవిద్యాలయమున గణిత విశ్లేషణమునందు జగత్ప్రసిద్ధుడు. అప్పటి కాయన వయస్సు 65 సంవత్సరములు; నా యీడువాడు. ఆ వయస్సున కొత్త ప్రశ్నను చేపట్టి, 1926లో సమాధానమును ప్రకటించెను. చిన్న చేపలు పెరుగు వేగమునకు ఒక సమీకరణము, వానిని తిని బ్రతుకు సొరలు పెరుగు వేగమునకు మఱియొక సమీకరణము వ్రాసెను. చిన్న చేపలు పెరిగినచో సొరలకు తిండి దొరకి అవియు పెరుగును. సొరలు పెరిగినచో చిన్న చేపలు తఱుగును. తిండి తఱుగగా సొరలు క్షీణించును. అప్పుడు చిన్న చేపలు మరల తలయెత్తును. రాట్నపు చక్రమువలె ఇది తిరుగుచుండును. ఆ చక్రమున సగటు నెత్తి చూడగా, మితమైన వేట వలన చిన్న చేపల సగటు పెరుగుననియు, సొరల సగటు తగ్గుననియు తేలెను. యుద్ధకాలమున వేట తగ్గుటచే దీనికి విరుద్ధముగా జరిగినది. వేట మితిమీఱినచో రెండును నశించును. అమెరికాలో లోట్కా యను పండితుడు అంతకు ముందే, స్వతంత్రముగా, ఇట్టి సమీకరణములనే కనుగొనియుండెను. సముద్రము ఈ సమీకరణముల కంటె మిక్కిలి జటిలమైనదని తరువాతివారు చూపిరి గాని, దారి తెఱచినవి యివియే.

ఈ వోల్టెర్రా 1931లో ఫాసిస్టు ప్రభుత్వమునకు విధేయతా ప్రమాణము చేయ నిరాకరించి తన యాచార్య పీఠమును పోగొట్టుకొనెను. అట్లు నిరాకరించిన ఆచార్యులు ఆ దేశమున అతికొద్దిమంది.

గణిత విశ్లేషణ మనగా క్షణక్షణము మారుచుండు రాశులను, అంతము లేని శ్రేణులను యుక్తియుక్తముగా విచారించు శాస్త్రము. ఇందలి బీజములు మన దేశమునను కలవు. భాస్కరాచార్యుడు 1150లో రచించిన సిద్ధాంతశిరోమణియందు గ్రహముల 'తాత్కాలిక గతి'ని, అనగా ఆ క్షణమునందలి వేగమును, విచారించెను. కేరళమున 14వ శతాబ్దివాడైన సంగమగ్రామ మాధవుడు వృత్తపరిధికి అనంతశ్రేణిని కనుగొనెను. 16వ శతాబ్దిలో జ్యేష్ఠదేవుడు ఆ ఫలితములకు ఉపపత్తులను 'యుక్తిభాష' యను గ్రంథమున, సంస్కృతమున గాక తన నాటి మలయాళమున వ్రాసెను. సంస్కృతోపాధ్యాయుడనైన నేను ఆయన చేసిన పనికి చేతులు జోడించుచున్నాను.

"మనవారికి అన్నియు తెలియును" అని మనము మీసము దువ్వుకొనుటకు ఈ మాట చెప్పుట లేదు. ఆ విద్య కొలది గురుశిష్య పరంపరలలోనే నిలిచిపోయినది, దేశమంతటను ప్రాకలేదు. 1830ల దశాబ్దిలో విష్ అను కంపెనీ యుద్యోగి వ్రాసిన పిదపగాని పాశ్చాత్యులకు తెలియలేదు. చెఱువునకు తూములు లేనిచో నీరెంత యున్నను పొలము పండదు. ఇది మనవంటి సంఘములు మఱవరాని విషయము.

తూములు తెఱచిన కాలమున ఏమి జరుగునో చూడుడు. 1913లో త్రిచూరున పుట్టి మదరాసున చదివిన సుబ్బరామయ్య మీనాక్షిసుందరం గారు వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితాచార్యులై యుండిరి. ఆయన స్వీడను దేశీయుడైన ప్లైయెల్‌తో కలిసి 1949లో ఒక వ్యాసమును ప్రకటించిరి. మృదంగపు మూత చిన్నదైన నొక ధ్వని, పెద్దదైన నొక ధ్వని. అట్లే, వక్రమైన యొక తలము పలుకు స్వరముల నన్నిటిని ఒక శ్రేణిగా కూర్చి, దానినుండి ఆ తలము యొక్క వైశాల్యము మొదలగు లక్షణములను తెలిసికొనవచ్చునని ఆ వ్యాసము వలన తేలినది. నేడు ప్రపంచమునందలి జ్యామితివేత్తలును, భౌతికశాస్త్రజ్ఞులును ఆ ఇరువురి పేరుతోడనే ఆ ప్రమేయమును వాడుచున్నారు. 1920లో బందరున జన్మించిన కొమరవోలు చంద్రశేఖరన్ గారు బొంబాయి టాటా పరిశోధన సంస్థయందు గణిత విభాగమును నిర్మించి, శ్రేణులను గూర్చి మీనాక్షిసుందరం గారితో కలిసి 1952లో గ్రంథమును వెలువరించిరి.

ఇక మన సముద్రమునకు వత్తము. ప్రతిసంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు, 61 దినములు, తూర్పుతీరమున మరపడవల వేట నిషేధింపబడును. దీనిని గూర్చి రేవులలో విసుగుకొను వారును కలరు. కూలి పోవుచున్నపుడు విసుగు సహజము. కాని యీ నిషేధము వెనుక మత్స్యశాస్త్రజ్ఞుల యోపిక గల పని యున్నది. నెలనెలకు రేవునకు పోయి, చేపను కోసి, దాని గ్రుడ్ల సంచి ఏ దశలో నున్నదో చూచి, ఏ జాతి ఏ మాసమున గ్రుడ్లు పెట్టునో వ్రాసికొనవలెను. చేప చెవిలోనుండు చిన్న రాతిబిళ్ళను అరగదీసి, చెట్టు మ్రానునందలి వలయములవలె దానియందలి గీతలను లెక్కించి, చేప వయస్సును తెలిసికొనవలెను. ఆ వయస్సునకు పొడవును జోడించినచో, చిన్ననాట వేగముగా పెరిగి పెద్దదైన కొలది మందగించు నొక వక్రరేఖ వచ్చును. దానికి బెర్టలాన్ఫీ 1938లో సమీకరణమును చెప్పెను. ఇచ్చటను మరల గణిత విశ్లేషణమే! ఒక్కసారియైన గ్రుడ్లు పెట్టక మునుపే చేపను పట్టినచో మఱుసటి తరము ఉండదని ఆ లెక్క చెప్పును. 1947లో స్థాపింపబడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఈ పనిని చేయుచున్నది. విశాఖపట్టణమునను దాని శాఖ కలదు.

గోదావరి పులసను ఎఱుగని వారు ఈ సభలో నుండరు. సముద్రమున నున్నంతకాలము అది విలస. గ్రుడ్లు పెట్టుటకై వఱదనీటి కెదురీది నదిలోనికి వచ్చినపుడు పులస. దాని రుచిని గూర్చి మనము చెప్పుకొనినంతగా దాని సంతానమును గూర్చి చెప్పుకొనము. గ్రుడ్లతో నున్న దానిని వేలకు వేలు పోసి కొనుట గొప్పయని తలచుచున్నాము. ఆ గొప్పకు కొన్ని తరముల తరువాత వెల చెల్లింపవలసినవారు మన మనుమలు.

మూడవది స్త్రీల యారోగ్యము. ఆయుర్వేదమున పాండురోగమని చెప్పబడిన రక్తహీనత మన యిండ్లలో ఎంత సామాన్యమైపోయినదనగా, దానిని రోగమనియే తలపరు. "ఆడుపిల్ల నీరసముగా నుండుట సహజమే" యందురు. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు అట్లు తలపలేదు. ఆమె 1928లో బొంబాయికి వచ్చి, బట్టలమిల్లులలో పనిచేయు పేద గర్భిణులకు కలుగు ఒకానొక తీవ్రమైన రక్తహీనతను పరిశీలించెను. వారి భోజనమును విచారించెను. ఎలుకలకును, కోతులకును తదనుగుణమైన తిండి పెట్టి చూచెను. తుదకు మార్మైట్ అను చవుకయైన ఈస్టుసారము వలన ఆ రోగము కుదురునని 1931లో ప్రకటించెను. అందలి గుణకారి యేదో అప్పటికి తెలియదు.

1941లో అమెరికాలో కొందఱు నాలుగు టన్నుల పాలకూరనుండి అట్టి ద్రవ్యమునే కొద్దిగా వేఱుచేసి, లాటిన్ భాషలో ఆకునకు గల పేరునుబట్టి 'ఫోలిక్ ఆమ్లము' అనిరి, మనము పర్ణామ్లమనవచ్చును. దానిని 1945లో ప్రయోగశాలలో నిర్మించిన బృందమునకు నాయకుడు మన భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ పర్ణామ్లమునకు విరోధులైన ద్రవ్యములను గూడ ఆయన సంస్థయందే నిర్మించిరి. అందొకటియైన మెథోట్రెక్సేట్, గర్భసంబంధమైన యొక క్యాన్సరును నయము చేయునని 1956లో హెర్ట్స్, లీ అను వైద్యులు చూపిరి. పిమ్మట 1991లో, ఏడు దేశములందు 1,817 మంది స్త్రీలపై జరిగిన పరీక్షలో, గర్భధారణకు ముందునుండియే పర్ణామ్లమును పుచ్చుకొనినచో శిశువు వెన్నెముకకును మెదడునకును కలుగు జన్మదోషములు మరల కలుగకుండ నూటికి 72 వంతులు నివారింపబడునని తేలినది. సుబ్బారావు గారు 1948లోనే స్వర్గస్థులైరి. ఈ రెంటిని ఆయన చూడలేదు.

జ్ఞానము ఇంతవఱకు వచ్చినది. మన వంటయింటి గడప దాటి లోనికి రాలేదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులు. ఇందులకు ఇనుము కొఱతయే ముఖ్యకారణము. పర్ణామ్లము కొఱతయు దానికి తోడగును. శిశువు వెన్నుపాము నాళము గర్భము నిలిచిన నాలుగు వారములలోనే మూసికొనును. అప్పటికి ఆ తల్లికి తాను గర్భవతినని తెలిసియు నుండకపోవచ్చును. కావున ఈ విషయము సీమంతమునాడు చెప్పదగినది కాదు, వివాహమునాడే చెప్పదగినది. ఇంట నందఱును తినిన పిదప మిగిలినది తినుట యిల్లాలి ధర్మమను ఆచారమును ఏ ధర్మశాస్త్రము పేరు చెప్పియు సమర్థింపకుడు.

మహాజనులారా! సుబ్బారావు గారు అమెరికాకు పోవలసివచ్చినపుడు ద్రవ్యము లేకపోయెను. మామగారి సాయమునకు తోడు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి యాదుకొనెను. ఆ దాత కులము వేఱు, ఆ విద్యార్థి కులము వేఱు. బొంబాయి మిల్లు కూలీల కొఱకు శ్రమించిన విల్స్ గారి దేశము వేఱు, వారి దేశము వేఱు. ఆ ధర్మనిధివారు నీ కుల మేదియని యడిగి త్రిప్పి పంపియున్నచో ఏమి నష్టమయ్యెడిదో, అది యెవరికి నష్టమో ఆలోచింపుడు. ఆ మందు వలన బ్రతికిన తల్లులలో మన కులమువారును ఉందురు.

మన సంఘము వసతిగృహములు కట్టినది, పుస్తకముల కిచ్చినది, పరీక్షలలో నెగ్గినవారికి పతకము లిచ్చినది. ఇవి యన్నియు మేలే. కాని మన సాయము పట్టముతో ముగిసిపోవుచున్నది. పరిశోధనము పట్టము తరువాతనే మొదలగును. అయిదారేండ్లు ఫలము కనబడదు. ఒక్కొక్కప్పుడు ఎన్నడును కనబడదు. ఆ కాలమున ఇంటివారు ఉద్యోగమని తొందరింతురు. ఆడుపిల్లయైనచో పెండ్లియని తొందరింతురు.

కావున ఈ సభవారు మూడు తీర్మానములను ఆలోచింపవలెనని ప్రార్థించుచున్నాను. మొదటిది: మన విద్యానిధినుండి కొంత భాగమును పరిశోధక విద్యార్థులకై ప్రత్యేకించి, అందు సగము స్త్రీలకు నియమించుట. రెండవది: ఆ వేతనములలో ఒకటియైన కులము నడుగక, ప్రశ్న యొక్క యోగ్యతను బట్టి యిచ్చుట. ఇందులకు కొందఱు పెద్దలు సమ్మతింపరని ఎఱుగుదును. సత్యలింగ నాయకర్ గారి ధర్మనిధిని తలచుకొని పునరాలోచింపుడని వారిని వేడుచున్నాను. మూడవది: మన కల్యాణ మండపములలో జరుగు ప్రతి వివాహమునకు ముందు వధువునకు రక్తపరీక్ష చేయించి, వైద్యుల సలహాపై ఇనుము, పర్ణామ్లము మాత్రలు ఇప్పించుట. భోజనములలో ఒక్క పిండివంట తగ్గించినచో దీని వ్యయము వచ్చును.

విత్తనము నాటువాడు చెట్టునీడను తాను కూర్చుండుటకై నాటడు. మన పోషకులు అట్టి మనస్సు గలవారని నమ్మి విరమించుచున్నాను.

స్వస్తి.