డెల్టా మనసు: ఎవరడిగారు, ఎవరు లెక్కగట్టారు?



మాస్టారు లెక్కలు చెప్పేవారు. జవాబు తప్పయితే పెద్దగా కోప్పడేవారు కాదు గాని, ఎవరైనా అంచనాగా ఏదో అనేస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. “కొలిచావా, అనుకున్నావా?” అని అడిగేవారు. ఆయన పేరున జరిగే ఈ సభలో మనసు గురించి మాట్లాడమన్నారు. నేను మానసిక వైద్యుణ్ణి. ఉపన్యాసం రాయడానికి కూర్చుంటే మాస్టారి ప్రశ్నే ఎదురొచ్చింది. మన ప్రాంతంలో మనం వేటిని కొలుస్తున్నాం, వేటిని అనుకుని వదిలేస్తున్నాం?

నీళ్లను కొలుస్తాం. అందులో మనకు సాటి లేదు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు వెళ్లాయని ఈ విజయవాడలో టీకొట్టు అబ్బాయి కూడా చెబుతాడు. ఆ రోజుల్లోనే బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. నీరు తీశాక నష్టం రాసుకోవడానికి సిబ్బంది ఇంటింటికీ తిరిగారు. కింది అంతస్తుకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు, బండి మునిగితే ఇంత అని లెక్కగట్టారు. అది జరగాల్సిన పనే, తప్పు పట్టడం లేదు. కాని ఆ తర్వాతి నెలల్లో నా దగ్గరకు ఆ కాలనీల నుంచి వచ్చినవాళ్ల ఫిర్యాదులు ఆ ఫారాల్లో పట్టేవి కావు. ఒకావిడ చినుకు పడితే చాలు, అర్ధరాత్రి లేచి బియ్యం డబ్బా అటక మీదికి ఎక్కిస్తోంది. ఆమెను తీసుకొచ్చింది కొడుకు. “అమ్మకు గుండె దడండీ, ఈసీజీలో ఏమీ లేదన్నారు” అని ఫైలు నా ముందు పెట్టాడు. ఆ ఫైల్లో రెండు ఈసీజీలు, ఒక ఎకో, థైరాయిడ్ పరీక్ష ఉన్నాయి. నిద్ర గురించి ఒక్క ముక్క లేదు. అడిగినవాళ్లే లేరు.

ఇది మన ఒక్క ఊరి సంగతి కాదు. జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. దేశంలో పెద్దవాళ్లలో నూటికి 10.6 మంది ఆ సమయానికి ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని తేల్చింది. జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదని కూడా చెప్పింది. మన పత్రికలు ఈ అంకెలను ఏటా అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినాన వేస్తాయి. ఆ సర్వే జరిగింది 12 రాష్ట్రాల్లో. పక్కన తమిళనాడు ఉంది, ఛత్తీస్‌గఢ్ ఉంది. ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. కాబట్టి మన గురించి మనం చెప్పుకునే అంకె మనది కాదు. మాస్టారు ఉంటే ఇక్కడే ఆపి నిలదీసేవారు.

ఇంకాస్త వెనక్కి వెళదాం. 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన. అధికారిక లెక్కలోనే చనిపోయినవాళ్లు పదివేలకు తగ్గలేదు. ఒక్క రాత్రిలో ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలినవాళ్లకు బియ్యం, బట్టలు వచ్చాయి, పక్కా ఇళ్లు వచ్చాయి, తుపాను షెల్టర్లు లేచాయి. మిగిలినవాళ్ల లోపల ఏం మిగిలిందన్న ప్రశ్నకు అప్పటికి వైద్యశాస్త్రంలోనే సరైన చోటు లేదు. ఘోరమైన ఆపద దాటినవాళ్లను ఏళ్ల తరబడి వేధించే స్థితిని ఒక రోగంగా అమెరికన్ మానసిక వైద్యులు తమ జాబితాలో చేర్చింది 1980లో. మన జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో వచ్చింది, జిల్లా స్థాయికి దిగింది 1996లో. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాతగాని మన దేశంలో విపత్తు బాధితుల మనసును పద్ధతిగా అధ్యయనం చేయడం ఊపందుకోలేదు. నాగాయలంక వైపు వెళితే, నవంబరులో తూర్పు గాలి తిరిగినప్పుడు రాత్రంతా వాకిట్లో కూర్చునే ముసలివాళ్లను నేను చూశాను. ఇంట్లోవాళ్లు దాన్ని జబ్బనుకోరు. “ఉప్పెన చూసిన మనిషి కదండీ, అంతే” అంటారు. ఆ మాటలో బోలెడు ఓర్పు ఉంది. కాని ఆ ఓర్పు వల్లే ఆ ముసలివాళ్లు నలభై ఏళ్లు నిద్రలేకుండా గడిపారు.

ఇలాంటి సభల్లో ఒక మాట తప్పకుండా వస్తుంది. మన పూర్వులకు భావాల గురించి తెలియనిది లేదని. తెలిసిన మాట నిజమే. బందరు దారిలో పామర్రు దగ్గర పక్కకు తిరిగితే కూచిపూడి, దాని పక్కనే క్షేత్రయ్య పుట్టిన మొవ్వ. అక్కడ పిల్లలు నేర్చుకునే నాట్యానికి ఆధారమైన నాట్యశాస్త్రం ఎనిమిది సాత్త్విక భావాలు చెబుతుంది: కొయ్యబారిపోవడం, చెమటలు పట్టడం, ఒళ్లు గగుర్పొడవడం, గొంతు పూడుకుపోవడం, వణుకు, మొహం పాలిపోవడం, కన్నీరు, సొమ్మసిల్లడం. ఈ జాబితా పట్టుకుని నా ఓపీలో కూర్చుంటే, ఆందోళన తీవ్రమై వచ్చిన మనిషిలో సగానికి పైగా కనిపిస్తాయి. ఒంటికీ భావానికీ ఉన్న ఈ సంబంధం గురించే 1884లో మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ ముందు ఒంట్లో మార్పు వస్తుంది, దాన్ని గుర్తించడమే భావం అని వాదించి పెద్ద చర్చ లేపాడు. 2000లో అహల్యా హెజ్మాది, రిచర్డ్ డేవిడ్సన్, పాల్ రోజిన్ కలిసి ఒక ప్రయోగం చేశారు. నాట్యశాస్త్ర పద్ధతిలో అభినయించిన పది భావాలను వీడియో తీసి, ఇక్కడి విద్యార్థులకూ అమెరికా విద్యార్థులకూ చూపించారు. ఇద్దరూ వాటిని బాగానే పోల్చుకున్నారు. ముఖం చదవడానికి దేశం పెద్దగా అడ్డు రాలేదన్నమాట.

అయితే అది చూపించడానికి చేసే అభినయం. నర్తకి శోకాన్ని ఆఖరి వరుసకు కూడా చేరేలా విప్పి చూపిస్తుంది. నా దగ్గరికొచ్చే కౌలురైతు దాన్ని పక్కన కూర్చున్న భార్యకు కూడా కనపడనివ్వడు. తలదువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి “నీరసంగా ఉంటోందండీ, ఏదైనా బలం మందు రాయండి” అంటాడు. ముఖం చూసి కనిపెట్టేస్తాం అనుకునే పెద్దవాళ్లు, టీచర్లు, ఆ మాటకొస్తే డాక్టర్లు కూడా, ఇక్కడే బోల్తాపడతారు. అడగాలి. అడిగే తీరు కూడా తెలిసి ఉండాలి.

అడగడం ఒక పరిశోధనగా ఎదగడానికి చాలాకాలం పట్టింది. ఒత్తిడిని మొదట ఎలుకల్లో చూశారు. 1936లో హాన్స్ సెల్యే ఎలుకలను చలికి, గాయాలకు, రకరకాల విషాలకు గురిచేసి, బాధ ఏదైనా ఒంట్లో కొన్ని మార్పులు ఒకేలా వస్తున్నాయని ఒక చిన్న వ్యాసం రాశాడు. ఒత్తిడి శాస్త్రానికి అది మొదలు. అంతకు ముందే, 1908లో, యెర్కీస్, డాడ్సన్ అనే ఇద్దరు చిట్టెలుకలతో చేసిన ప్రయోగం ఇంకొకటుంది. షాకు మరీ తక్కువైనా, కష్టమైన పనిలో మరీ ఎక్కువైనా అవి సరిగ్గా నేర్చుకోలేదు. కొంత ఒత్తిడి మంచిదే అనే వాదనకు మన కాలేజీల యాజమాన్యాలు తెలిసో తెలియకో దీన్నే వాడుకుంటాయి. పని కష్టమయ్యేకొద్దీ భరించగలిగే షాకు తగ్గుతుందన్న మిగతా సగాన్ని మాత్రం వదిలేస్తాయి. ఐఐటీ ప్రవేశ పరీక్ష సులువైన పనేమీ కాదు కదా.

మన విశ్వవిద్యాలయాల మాట త్వరగా ముగిస్తాను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1967లో కోనేరు రామకృష్ణారావు గారు మనస్తత్వ, పరామనస్తత్వ శాస్త్రాల శాఖ నెలకొల్పారు. అంతర్జాతీయ ఖ్యాతి తెచ్చారు. గొప్పవారు. కాని మనసుకు అతీత శక్తులున్నాయా అన్నదాని మీద పెట్టిన శ్రద్ధలో కొంత పొలంలో, హాస్టల్లో మామూలు మనసు మీద పెట్టి ఉంటే ఈ రోజు నా పని తేలికయ్యేది. ఇది నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్లు ఈ హాల్లోనే ఉన్నారని తెలుసు.

ఇక హాస్టళ్లు. కానూరు, పోరంకి, నిడమానూరు, గూడవల్లి. ఈ పేర్లు చెబితే ఒకప్పుడు చెరుకు, వరి గుర్తుకొచ్చేవి. ఇప్పుడు వారాంతపు పరీక్షలు గుర్తుకొస్తాయి. ఇక్కడ పిల్లవాడి మార్కు ప్రతి వారం కొలుస్తారు, ర్యాంకు గోడకు అంటిస్తారు, దాన్ని బట్టి సెక్షన్ మారుస్తారు. పిల్లల బలవన్మరణాల మీద 2001లో నీరదారెడ్డి కమిటీ వేశారు, 2017లో చక్రపాణి కమిటీ వేశారు. కమిటీ వేయడంలో మనం వెనకబడలేదు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. విశాఖలో నీట్ శిక్షణలో ఉన్న ఒక అమ్మాయి మరణం మీద తండ్రి చేసిన పోరాటం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2025 జులై 25న ఇచ్చిన తీర్పులో కోర్టు వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలంది. మార్కులను బట్టి బ్యాచిలు విడదీయొద్దంది. ఆ రెండో ఆదేశం మన ఊరి పరిశ్రమకు గుండెకాయ మీద పడ్డ దెబ్బ. అందుకే దాని అమలు గురించి ఎక్కువ వినబడదు. కౌన్సెలర్ని పెట్టామని బోర్డు కట్టడం తేలిక. ఒక హాస్టల్లో నేను చూసిన కౌన్సెలర్ గది వార్డెన్ గదికి ఎదురుగా ఉంది, మధ్యలో అద్దం. లోపలికెళ్లిన పిల్ల ఏడుస్తోందో లేదో వార్డెన్ తన కుర్చీలోంచే చూడొచ్చు. ఆ గదికి ఎవరు వెళతారు?

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. కొల్లేటికి అవతల, పశ్చిమగోదావరిలో ఒక పని జరిగింది. ది జార్జ్ ఇన్‌స్టిట్యూట్ తరఫున పల్లబ్ మౌలిక్ బృందం ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ పేరుతో చేసింది. వాళ్లు కొత్త డాక్టర్లను తేలేదు. లక్ష జనాభాకు ఒక మానసిక వైద్యుడు కూడా లేని దేశంలో తేవడం కుదిరే పని కాదు. ఊళ్లో ఉన్న ఆశా కార్యకర్త చేతికి ఒక ట్యాబ్ ఇచ్చారు. అందులో రెండు చిన్న ప్రశ్నావళులు, ఒకటి దిగులు గురించి, ఒకటి ఆందోళన గురించి. మొదటిదానిలో తొమ్మిది ప్రశ్నలుంటాయి. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం ఎన్ని రోజులు ఉంది, నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది అని మొదలై, చచ్చిపోతే బాగుండుననిపించిందా అనే తొమ్మిదో ప్రశ్న దాకా వెళుతుంది. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు. మొత్తం 27కు పది గాని, అంతకు మించి గాని వస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరకు పంపాలి. ఆ డాక్టరు ట్యాబ్‌లోనూ ఏం చేయాలో దారి చూపే ఏర్పాటు ఉంటుంది, చేయి దాటితే మానసిక వైద్యుడికి పంపుతారు. దీంతోపాటు ఊళ్లల్లో వీడియోలు వేసి, ఇంటింటికీ తిరిగి, ఇది సిగ్గుపడాల్సిన సంగతి కాదని చెప్పారు.

వినడానికి ఇంతే. చేయడంలో ఉంది కష్టం. తొమ్మిదో ప్రశ్న కోడలిని అడగాలంటే అత్తగారు పక్కన ఉండకూడదు. పల్లెటూరి ఇంట్లో అది ఎలా కుదురుతుంది? మా వైపు ఒక ఆశా నాకు చెప్పిన ఉపాయం ఇది: ముందు అత్తగారి బీపీ చూసి, ఆవిడ కూర్చుని సేదతీరుతుండగా కోడలిని “గేదెకు కుడితి పెడుతూ మాట్లాడుకుందాం రా అమ్మా” అని పెరట్లోకి తీసుకెళుతుంది. ఇంకో చిక్కు, పోలీసు కేసవుతుందన్న భయం. 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు అంటుంది. ఈ సంగతి ఇప్పటికీ ఊళ్లకు చేరలేదు. అందుకే “అబ్బే, అలాంటిదేం లేదండీ” అనే జవాబే ముందు వస్తుంది.

ఫలితాలు చూడండి. మొదట గిరిజన గ్రామాల్లో చేసినప్పుడు, అవసరమున్నవాళ్లలో వైద్యం కోసం వెళ్లేవాళ్లు నూటికి 0.8 నుంచి 12.6కు పెరిగారు. తర్వాత పశ్చిమగోదావరితోపాటు హర్యానాలో కలిపి 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో పెద్ద ప్రయోగం చేశారు, అదీ కోవిడ్ కాలంలో. కొన్ని కేంద్రాల్లో ఈ పద్ధతి, కొన్నింట్లో మామూలు వైద్యం. ఏడాదికి, ఈ పద్ధతి అమలైనచోట దిగులు, ఆందోళన తగ్గి బాగుపడ్డవాళ్లు నూటికి 74.7 మంది. లేనిచోట 50.6 మంది. ఈ ఫలితం 2024లో జామా సైకియాట్రీ పత్రికలో వచ్చింది.

ఆ రెండో అంకె దగ్గర కాస్త ఆగుతాను. సగం మంది పెద్దగా ఏమీ చేయకుండానే కోలుకున్నారు. “కాలమే మందు” అనే మన పెద్దల మాటకు సగం మార్కులు వేయాల్సిందే. ఔషధ కంపెనీల ప్రతినిధులు ఈ అంకెను ఎత్తరు. కాని రెండు అంకెల మధ్య తేడా అయిన నూటికి 24 మంది సంగతి? వాళ్లు కాలానికి వదిలేస్తే కోలుకోనివాళ్లు, అడిగితే కోలుకున్నవాళ్లు. డెల్టాలో ఒక మండలంలో ఇలా బాధపడుతున్నవాళ్ల సంఖ్యకు ఈ తేడాను వర్తింపజేసి చూడమని వెనక వరుసల్లో ఉన్న లెక్కల విద్యార్థులను కోరుతున్నాను. నేను వేసుకున్నాను. నిద్రపట్టలేదు.

దీని లోపాలూ చెప్పాలి. ప్రయోగం జరుగుతున్నన్నాళ్లూ పర్యవేక్షణ ఉంటుంది, ట్యాబ్ పాడైతే బాగుచేసేవాళ్లుంటారు. ప్రయోగం అయిపోయాక ఆశా మీద పడే పనుల వరసలో ఇది ఎన్నోదవుతుంది? గర్భిణులు, టీకాలు, సర్వేలు, యాప్‌లు. వాటి కిందికి దిగజారితే నెలాఖరున ఇంట్లో కూర్చుని అన్నిటికీ సున్నాలు నింపేస్తారు. తప్పు వాళ్లది కాదు. అడగమన్నవాళ్లు, అడిగేందుకు వేళ కూడా ఇవ్వాలి. ఇంకోటి, తొమ్మిదో ప్రశ్నకు అవుననే జవాబు వచ్చిన సాయంత్రమే చూసే మనిషి ఉండాలి. 2022 అక్టోబరు నుంచి 14416కు ఫోన్ చేస్తే టెలీమానస్ అనే మానసిక సహాయ సేవ ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. అది మొదటి మెట్టు మాత్రమే. పక్కన కూర్చునే మనిషికి ఫోను సాటి రాదు.

హాస్టళ్లకు వచ్చేసరికి ఒక మార్పు కావాలి. ప్రశ్నలు అడిగేవాళ్లకూ మార్కులు వేసేవాళ్లకూ సంబంధం ఉండకూడదు. జీతం కాలేజీ ఇవ్వకూడదు. జిల్లా వైద్య శాఖ కిందనో, ఆరోగ్య విశ్వవిద్యాలయం కిందనో ఉండాలి. ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉన్నది ఈ ఊళ్లోనే. సిద్ధార్థ వైద్య కళాశాల ఉంది. ఇందుకోసం ఢిల్లీ వెళ్లనక్కర్లేదు.

సింగ్ నగర్‌లోనూ, దివిసీమలో ఒక మండలంలోనూ ఒక్కసారి మొదలుపెట్టి చూడమని సభలో ఉన్న అధికారులను అడుగుతున్నాను. ఆశాలు ఉన్నారు. తొమ్మిది ప్రశ్నలూ తెలుగులో ఉన్నాయి, వాటికి ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. వైద్య కళాశాల నుంచి వారానికొక పీజీ డాక్టరు అర్బన్ హెల్త్ సెంటర్‌కు వస్తే పంపినవాళ్లను చూడొచ్చు. వచ్చే వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి అడిగి, రెండు అంకెలూ బ్యారేజి లెక్కతోపాటు పత్రికలకు ఇవ్వండి.