అమ్మకాల ఉద్యోగానికి ఊరు మారే ముందు
(మారతహళ్ళిలో జరిగిన వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నన్ను చేనేత భవిష్యత్తు మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద మాట నా నోట్లో పట్టదు. అందుకని ఒక్క విషయమే మాట్లాడతాను. ఈ మధ్య ధర్మవరంలో సొసైటీ ఆఫీసుకు వచ్చే కుర్రాళ్ళు నూలు గురించి, పట్టు రేటు గురించి అడగడం తగ్గింది. "పెదనాయనా, బెంగళూరులో చీరల షాపులో సేల్స్ పని ఉందంట. పోమంటావా, వద్దంటావా?" అని అడుగుతున్నారు. ఆడపిల్లలూ అడుగుతున్నారు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను సొసైటీ కార్యదర్శిని. మీ పిల్లలు మగ్గం మీదే ఉంటే నా సొసైటీకి మంచిది. మగ్గాలు తగ్గితే సరుకు తగ్గుతుంది, సరుకు తగ్గితే ఆఫీసు తలుపులు తెరవడం ఎందుకు? కాబట్టి నా సలహాలో నా స్వార్థం కొంచెం ఉంటుంది. అది తీసేసి మిగిలింది వినండి.

మన వాళ్ళు ఊళ్ళు మారడం కొత్త కాదు. తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలీలు షోలాపూర్ పోయారు, భివండి పోయారు, బొంబాయి పోయారు. ఇప్పటికీ షోలాపూర్‌లో తెలుగు మాట్లాడే పేటలున్నాయి. కానీ వాళ్ళు ఎక్కువగా నేత పనికే పోయారు. కాస్త కుదురుకోగానే పెళ్ళాం బిడ్డల్ని పిలిపించుకున్నారు, ఇంటిల్లిపాదీ అదే పనిలో పడ్డారు. ఇప్పుడు మన పిల్లలు పోయేది నేయడానికి కాదు, అమ్మడానికి. అదీ ఒక్కరే పోతున్నారు. మగ్గమూ అమ్మానాన్నా ఊళ్ళోనే ఉంటారు. అందుకే పాత లెక్క దీనికి సరిపోదు.

ప్రభుత్వం చేనేత గణన చేస్తుంది కదా. 2009-10లో దేశం మొత్తం మీద 43 లక్షల పైచిలుకు మంది చేనేత పనిలో ఉన్నట్టు తేలింది. 2019-20లో చూస్తే 35 లక్షల చిల్లర. పదేళ్ళలో ఎనిమిది లక్షల మంది తగ్గారు. వాళ్ళంతా ఏమయ్యారు? కొందరు ముసలివాళ్ళై మానేశారు, కొందరు పవర్‌లూమ్‌కు పోయారు, కొందరు ఆటో నడుపుతున్నారు. కొందరు ఇదే మారతహళ్ళిలో, కళామందిర్ స్టాపు దగ్గర, బ్రిడ్జి చుట్టుపక్కల చీరలు మడతలు పెడుతున్నారు. మన పట్టు శిడ్లఘట్ట, రామనగర వైపు నుంచి వస్తుంది. నేసిన చీర మళ్ళీ ఇక్కడికే వస్తుంది. ఇప్పుడు చీర వెనకాలే పిల్లలు కూడా వస్తున్నారు.

ఇక లెక్కకు వస్తాను. మా పేటలో ఒక కుర్రాడు, ఇరవై నాలుగేళ్ళు, జాకార్డు మీద మంచి పనివాడు. ఇక్కడి షాపు నుంచి ఫోన్ వచ్చింది. జీతం 18,000, పైన కమీషన్. వాళ్ళ నాయనకు సంతోషం, వాళ్ళమ్మకు ఏడుపు. ముగ్గురూ ఆఫీసుకు వచ్చారు. సొసైటీ రిజిస్టరు వెనక పేజీ మీద లెక్క వేశాం. మీ ఇంటి అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి చూసుకోండి.

18,000లో పి.ఎఫ్. పోతుంది. బేసిక్ 12,000 అంటే దాంట్లో 12 శాతం, 1,440. ఇ.ఎస్.ఐ. ముప్పావు శాతం, 135. చేతికి వచ్చేది 16,425. పి.జి.లో మంచం, తిండి కలిపి 8,000. బస్సు, సెల్లు, సబ్బు, టీ అన్నీ 2,000. నెలకొకసారి ఊరికి రావాలి, అదొక 1,000. మిగిలింది 5,425. ఏడాదికి 65,100.

ఇటు మగ్గం మీద నెలకు మజూరీ 12,000 వస్తుందనుకున్నాం. కానీ పన్నెండు నెలలూ పని ఉండదు. పడుగు దొరకని రోజులు, వాన పడి గుంటలో నీళ్ళు ఊరే రోజులు, ఆర్డరు లేని రోజులు. తొమ్మిది నెలలే లెక్క పెట్టాం. 1,08,000. ఇంట్లో వాడు తినే తిండికి నెలకు 2,500 చొప్పున 30,000 తీసేశాం. 78,000. అక్కడ ఆపబోతుంటే వాళ్ళమ్మ అంది, "మరి నా కండెల సంగతో?" నిజమే. కొడుకు మగ్గానికి కండెలు చుట్టేది ఆమె. నెలకు 1,500 అనుకున్నా తొమ్మిది నెలలకు 13,500. మగ్గం ఆగితే అదీ ఆగుతుంది. మొత్తం 91,500.

తేడా 26,400. అంటే నెలకు 2,200. షాపులో కమీషన్ సగటున నెలకు 2,200 దాటితేనే ఆ ఇంటికి లాభం. పద్దెనిమిది వేలు ఎక్కడ, పన్నెండు వేలు ఎక్కడ అని మొదట అనుకున్నవాళ్ళు ముగ్గురూ నోరు మూసుకుని కూర్చున్నారు.

అందుకే షాపువాళ్ళను అడగాల్సిన మొదటి ప్రశ్న జీతం ఎంత అని కాదు. "పోయిన ఏడాది మీ సేల్స్‌వాళ్ళకు నెలకు సగటున కమీషన్ ఎంత వచ్చింది?" అని అడగండి. శ్రావణమాసం అంకె చెబుతారు, దసరా అంకె చెబుతారు. అది వద్దు. వరమహాలక్ష్మి పండగకు కర్ణాటకలో చీర కొనని ఇల్లుండదు, ఆ నెల ఎవరైనా అమ్ముతారు. పెళ్ళిళ్ళు లేని నెల అంకె అడగండి. టార్గెట్ ఎంత, అది అందకపోతే జీతంలో కోత పెడతారా అనీ అడగండి. చీర మీద మరక పడితే, లెక్కలో ఒక పీసు తగ్గితే ఎవరి మెడకు చుడతారో కూడా అడగండి.

అన్నీ కాగితం మీద ఉండాలి. ఫోన్లో చెప్పింది ఫోన్లోనే పోతుంది. ఇరవై మంది పైన పనిచేసే చోట పి.ఎఫ్. ఉండాలి, పది మంది పైన ఉంటే ఇ.ఎస్.ఐ. ఉండాలి. 21,000 లోపు జీతం వాళ్ళకు ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది, మీ మీద ఆధారపడిన అమ్మానాన్నలకూ వైద్యం ఉంటుంది. గుంటలో కాళ్ళు పెట్టి ముప్పై నలభై ఏళ్ళు నేసినవాళ్ళ నడుములు, మోకాళ్ళు, కళ్ళు ఎలా ఉంటాయో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఒక్కోసారి ఆ కార్డే జీతం కంటే విలువైంది. అయితే మీ ఊరికి దగ్గర్లో ఆసుపత్రి ఎక్కడుందో కనుక్కోండి. కర్ణాటకలో షాపుల చట్టం ప్రకారం రోజుకు తొమ్మిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు పని, వారానికొక సెలవు. ఉద్యోగం ఇప్పిస్తామని ముందు డబ్బు అడిగినా, ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గరే ఉంచండి అన్నా, అక్కడితో నమస్కారం పెట్టి వచ్చేయండి.

అలాగే బయలుదేరే ముందు ఊళ్ళో బాకీలు చూసుకోండి. మాస్టర్ వీవర్ దగ్గర తీసుకున్న అడ్వాన్సు, సొసైటీలో తెచ్చిన పట్టు, మగ్గం మీద సగంలో ఉన్న చీర. కొడుకు బెంగళూరులో ఉంటే అప్పు అడిగేవాడు నాయన ఇంటి ముందే కూర్చుంటాడు.

ఇంకోటి. ఇది డబ్బు లెక్కలోకి రాదు గానీ నాకు అన్నిటికంటే ముఖ్యం. కౌంటరు వెనకాల నిలబడిన మన పిల్లాడితో ఒకరోజు యజమాని, పవర్‌లూమ్ చీరను మగ్గం చీర అని చెప్పమంటాడు. అందరూ అంటారని కాదు, అనేవాళ్ళు ఉన్నారు. అప్పుడు ఏం చేస్తాడు? 1985లో చట్టం వచ్చింది, కొన్ని రకాల చీరలతో కలిపి 11 రకాల బట్టలు చేతి మగ్గం మీదే నేయాలని. చట్టం ఉంది, చీర మీద అబద్ధమూ ఉంది. సిల్క్ మార్క్ చూపించి "చూడండమ్మా, హ్యాండ్లూమ్" అంటారు. సిల్క్ మార్క్ అది అసలు పట్టు అని మాత్రమే చెబుతుంది, ఏ మగ్గం మీద నేసిందో చెప్పదు. దానికి హ్యాండ్లూమ్ మార్క్ వేరే ఉంది. ఈ తేడా కొనేవాళ్ళలో చాలామందికి తెలియదు, మన పిల్లాడికి తెలుసు. ఆ అబద్ధం వాడి నోటితో చెప్పిస్తే, అది ఊళ్ళో వాళ్ళ నాయన నేసిన చీర ధర మీదే పడుతుంది. ఇంటర్వ్యూలోనే అడగమన్నాను. "నాకు చీర తెలుసు సార్. ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్ముతాను, మీకు పరవాలేదా?" ఉద్యోగం పోతే పోనీ.

నిజానికి ఆ తెలివే మనవాళ్ళ పెట్టుబడి. వైట్‌ఫీల్డ్, బెళ్ళందూరు, వర్తూరు వైపు అపార్ట్‌మెంట్లలో ఉండే ఆడవాళ్ళు చీర పట్టుకుని అడిగేవి మూడు. ఇది చేత్తో నేసిందేనా, ఇంత రేటు ఎందుకు, ఎలా ఉతకాలి. మామూలు సేల్స్‌మన్ మూడింటికీ "బెస్ట్ క్వాలిటీ మేడం" అంటాడు. మన పిల్లాడు చీర తిరగేసి చూపిస్తాడు. అంచు పొడుగునా సూది గుచ్చినట్టుండే చిన్న చిన్న రంధ్రాలు చూపిస్తాడు. ఒక పోగు తీసి కాల్చి, వెంట్రుక కాలిన వాసన వస్తుందో లేదో చూపిస్తాడు. పల్లూకు ఎన్ని రోజులు పట్టిందో చెబుతాడు. అంత తెలిసినవాణ్ణి మడతలు పెట్టే పనికి, మడతలు పెట్టేవాడి జీతానికి పెట్టుకుంటామంటే వెళ్ళొద్దు. చీర తెలిసినందుకు ఒక రూపాయి ఎక్కువ ఇచ్చే చోటికే వెళ్ళండి. కన్నడం కూడా నేర్చుకోండి. మారతహళ్ళిలో తెలుగుతో రోజు గడిచిపోతుంది నిజమే, కానీ ఈ ఊరి అన్నం తింటూ "స్వల్ప అడ్జస్ట్ మాడి" ఒక్కటే నేర్చుకుంటే బాగుండదు.

మగ్గం గురించి నా మాట ఒక్కటే. ఏడాది వరకు తీయొద్దు. గుంట పూడ్చడం ఒక్క పూట పని. ఇల్లు విశాలమైందని రెండు రోజులు సంతోషంగా ఉంటుంది. జాకార్డు పెట్టె, అచ్చులు, దోనె అన్నీ పాత సామాన్లవాడికి కిలోల లెక్కన పోతాయి. తర్వాత ఉద్యోగం కుదరక పిల్లాడు తిరిగొస్తే మళ్ళీ నిలబెట్టడానికి అప్పు చేయాలి. ఇంకో సంగతి, ఆంధ్రాలో చేనేతవాళ్ళకు యాభై ఏళ్ళకే పింఛను, ఇప్పుడు నెలకు 4,000. కొన్ని పథకాలు మగ్గం ఆడుతున్న ఇంటినే చూస్తాయి. కొడుకు వెళ్ళినా నాయన పేరు మీద మగ్గం ఆడనివ్వండి.

ఆ కుర్రాడు వెళ్ళాడు. ఫోన్ చేసిన మొదటి షాపుకు కాదు, వాళ్ళు కాగితం ఇవ్వలేదు. ఇంకో చోట దొరికింది, జీతం వెయ్యి తక్కువ, కమీషన్ రాసిచ్చారు. నాలుగు నెలలైంది. మొదటి రెండు నెలలు ఇంటికి పంపింది దాదాపు ఏమీ లేదు. శ్రావణంలో బాగా వచ్చింది, కానీ పండగకు ఇంటికి రాలేదు. రోజంతా నిలబడి కాళ్ళు వాస్తున్నాయంటాడు. వాళ్ళమ్మ ఊరికే ఉండలేక పక్కింటి మగ్గానికి కండెలు చుడుతోంది. నాయన మగ్గం మీద కూర్చుంటున్నాడు గానీ రోజుకు నాలుగు గంటలే. లాభమా నష్టమా అని నన్నడిగితే ఏడాది తిరగనివ్వండి అంటాను.

చివరగా ఈ సభలో ఉన్న మారతహళ్ళి వాళ్ళను ఒకటి అడగాలి. మీరు వచ్చి పదేళ్ళు, ఇరవై ఏళ్ళు అయింది. ఇందాక చెప్పిన లెక్కలో అన్నిటికంటే పెద్ద ఖర్చు ఏది? పి.జి. 8,000. ఊరి నుంచి వచ్చిన పిల్లాడికి ఎవరైనా ఆరు నెలలు తమ ఇంట్లో ఒక మూల చోటిచ్చి, తిండికి మూడు వేలు తీసుకుంటే నెలకు అయిదు వేలు మిగులుతాయి. 2,200 తేడా అక్కడే తీరిపోతుంది. ఆడపిల్లలకైతే ఇది ఇంకా అవసరం. రాత్రి తొమ్మిదిన్నరకు షట్టర్ వేశాక ఒక్కతే గదికి పోవాలంటే ఏ తల్లీ పంపదు. ఇల్లు చిన్నదని నాకూ తెలుసు, ఇక్కడి అద్దెలూ తెలుసు. అందరూ ఇవ్వక్కర్లేదు. ఇవ్వగలిగినవాళ్ళు ఈ రోజు భోజనాల దగ్గర సమాఖ్య వాళ్ళకు పేరు రాయించండి. మగపిల్లలకు ఇస్తారా, ఆడపిల్లలకు ఇస్తారా అది కూడా రాయించండి.

ఉద్యోగం కాగితం చేతికొచ్చిన పిల్లలు సంతకం పెట్టకముందే దాన్ని ఇక్కడి సమాఖ్యలో చూపించండి. ధర్మవరం వాళ్ళైతే నా దగ్గరికి తీసుకురండి. అమ్మను కూడా వెంటబెట్టుకుని రండి, కండెల లెక్క ఆమెకే తెలుస్తుంది.